గుడ్డకి అంటని నలుపు

బందరులో మేకప్ జిలానీని ఎరగనివాళ్ళు తక్కువ. అతను పిరికివాడన్న సంగతి ఎరగనివాళ్ళు ఇంకా తక్కువ.

ఇనగుదురుపేట సందులో అతని కొట్టు ఒక ఇరుకు గది. గోడల నిండా అట్ట కిరీటాలు, రేకు గదలు, మేకులకి వేలాడే విగ్గులు. సముద్రపు గాలి సందులోకి దూరినప్పుడు ఆ విగ్గులన్నీ ముఖాలు లేకుండానే తలలూపుతాయి. బడికి వెళ్ళే పిల్లలు అక్కడికి రాగానే అడుగులు పెద్దవి చేస్తారు. కరెంటు పోతే జిలానీ కూడా లేచి వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. రాక్షసుల్ని తయారుచేసేవాడికి రాక్షసుల భయం ఏమిటని అతని భార్య సలీమా నవ్వుతుంది. యముడికి మీసం దిద్దుతూ, కదలకు నాయనా నాకు భయం అని యముణ్ణే బతిమాలతాడు మా ఆయన, అని ఇరుగుపొరుగుకి చెబుతుంది.

ఆ భయం అతనికి తండ్రి ఇచ్చిన ఆస్తి. తండ్రి పీర్ల పండగకి పులి వేషాలు వేసేవాడు, దసరాకి ఊరేగే శక్తి పటాల ముందు ఆడేవాళ్ళ ముఖాలు దిద్దేవాడు, మిగతా రోజుల్లో నాటకాల వాళ్ళ వెంట తిరిగేవాడు. చిన్నవాడైన జిలానీ పక్కనే కూర్చుని చూసేవాడు. పొద్దున తనకి బఠాణీలు కొనిపెట్టిన రిక్షావాడి ముఖం మీద ఒక్కొక్క చారా పడుతుంటే, ఆ మనిషి కొంచెం కొంచెంగా మాయమై, అవే కళ్ళ వెనకనించి ఎవరో కొత్తవాడు చూడటం మొదలుపెట్టేవాడు. తెలిసిన ముఖం తెలియని ముఖం కావడం. అంతకంటే పెద్ద భయం జిలానీ మళ్ళీ ఎరగడు, మొన్న ఫిబ్రవరి దాకా. కుంచె పట్టుకున్నవాడి మీదికి రంగు రాదని ఏదో వయసులో అతనికి తట్టింది. అందుకే కుంచె పట్టుకున్నాడు.

మనుషులకి కులాలున్నట్టు అతని పెట్టెలో రంగులకి పాత్రలున్నాయి. గులాబీ రంగు రాణులకి, పసుపుపచ్చ మునులకి, నీలం దేవుళ్ళకి. పద్యాల్లో నల్లనివాడైన కృష్ణుడు కూడా జిలానీ చేతిలో నీలంగానే లేచేవాడు. నలుపు మాత్రం నరకాసురుడికి, తాటకికి, యమభటులకి. ఆముదం దీపం మసిని కొబ్బరినూనెలో నూరి, కాస్త మైనం కలిపి ఆ నలుపుని ఇంట్లోనే చేసుకునేవాడు. అది చెమటకి కరగదు, వానకి కారదు. తుడవాలంటే ముందు నూనెగుడ్డ, తరవాతే సబ్బు. ఇన్నేళ్ళలో ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా ఒక రాక్షసుడే లేచాడు. మనిషి లేచిన జ్ఞాపకం అతనికి లేదు.

బిలాల్ అతని కొట్టుకి వచ్చింది వేషం కోసం కాదు, క్రాఫు కోసం.

ఊరి బయట విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా దేశాలనించి వచ్చి చదువుకునే పిల్లలు కొందరున్నారు. టాంజానియా వాడైన బిలాల్ అందులో ఒకడు. బందరులో సెలూన్లన్నీ తిరిగాడట. ఒకాయన ఈ జుట్టుకి మా కత్తెర నిలవదన్నాడు. ఇంకొకాయన కొట్టు కట్టేసే వేళైందన్నాడు, మిట్టమధ్యాహ్నం పూట. విగ్గులు కత్తిరించే జిలానీ అయితే ఎలాంటి జుట్టునైనా దారికి తెస్తాడని ఎవరో పంపారు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చిన ఆ పొడుగాటి కుర్రవాణ్ణి చూసి జిలానీ నిజంగానే ట్రంకుపెట్టె వెనక్కి జరిగాడు. తన డబ్బాలోంచి లేచినవాడే తనని వెతుక్కుంటూ వచ్చాడనిపించింది. అప్పుడా కుర్రవాడు సలాం చెప్పాడు. భయం ఇంకా గొంతులో ఉండగానే జిలానీ నోరు అలవాటు కొద్దీ బదులు సలాం చెప్పేసింది. చెప్పాక ఇక భయపడటం బాగుండదనిపించి కత్తెర తీశాడు.

అప్పటినించీ బిలాల్ నెలకోసారి వచ్చేవాడు. చాచా అని పిలిచేవాడు. తెలుగు త్వరగా పట్టుకున్నాడు, ప్రతి మాట చివరా అండీ తగిలించేవాడు, ఒక్కోసారి కుక్కకి కూడా. అతని చదువు మడ అడవుల మీద. హంసలదీవి దగ్గర బురదలో మోకాళ్ళ దాకా దిగి ఆకులూ పీతలూ ఏరుకునేవాడు. తన ఊళ్ళో కూడా మడ అడవులే అనీ, ఈ సముద్రమూ ఆ సముద్రమూ ఒకటేననీ, మీరు ఇటు గట్టు, మేము అటు గట్టు అనీ చెప్పేవాడు. జిలానీ వేళ్ళకి ఆ తల అలవాటైపోయింది. చెవి వెనక ఒక చిన్న మచ్చ, మెడ మీద సుడి, నుదుటి అంచున జుట్టు తిరిగే తీరు, అన్నీ కళ్ళు మూసుకుని చెప్పగలడు.

కత్తెర ఆడుతుండగా బిలాల్ తన సంగతులు చెప్పేవాడు. బస్సు కిక్కిరిసి ఉన్నా తన పక్క సీటు ఖాళీగా ఉండటం. అద్దె ఇల్లు ఫోనులో కుదిరి, ఎదురుపడ్డాక చెదిరిపోవడం. వీధిలో పిల్లలు రాక్షసుడొచ్చాడని పరుగెత్తడం. ఇది నవ్వుతూ చెప్పాడు. జిలానీ నవ్వలేకపోయాడు. ఆ పిల్లలకి రాక్షసుడు ఎలా ఉంటాడో చూపించింది ఎవరో అతనికి తెలుసు.

చలికాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్లలో ఒక మెసేజ్ పాకింది. గుడివాడలో బస్సు దిగిన బిలాల్ స్నేహితుడి మీద రాళ్ళు పడ్డాయి. అతను తల పట్టుకుని స్టాండు వెనక మరుగుదొడ్లలో దాక్కున్నాడు, జనం చెదిరే దాకా. ఆ తరవాత ఆఫ్రికా పిల్లలంతా కలిసి విశ్వవిద్యాలయం పెద్దల దగ్గరికి వెళ్ళి ఒక్కటే అడిగారు. ఫిబ్రవరిలో ఒక రోజు మాకివ్వండి, మేమెవరమో మా చరిత్ర ఏమిటో చెప్పుకుంటాం, మనుషులం అని తెలిస్తే భయం తగ్గుతుంది. పెద్దలు ఒప్పుకున్నారు. సోమవారం సభ. ఏర్పాట్లన్నీ శ్యామ్ సుందర్ అనే లెక్చరరు చేతిలో పెట్టారు.

శ్యామ్ సుందర్ గారు చెడ్డమనిషి కాదు. ఆ అనుమతి కోసం తిరిగింది కూడా ఆయనే. బడిలో మహనీయుల్ని తలుచుకోవాలంటే మనవాళ్ళకి తెలిసిన దారి ఒకటే, పిల్లలకి ఆ వేషం వేసి నిలబెట్టడం. ఆయనకీ అదే తోచింది. జైలులో ముసలివాడైన నాయకుడు, బస్సులో సీటు వదలనన్న అమ్మ, వీధుల్లో జనాన్ని నడిపించిన పాస్టరు, ఇలా ఒక వరస అనుకున్నారు. వేషాలు వేసేది మన తెలుగు పిల్లలు. రంగు వేసేది జిలానీ.

ఆఫ్రికా పిల్లల్నే వేషాలకి పెట్టుకోవచ్చు కదా సార్ అని జిలానీ మెల్లిగా అన్నాడు.

"వాళ్ళు మనకి అతిథులయ్యా. వాళ్ళ పండక్కి వాళ్ళ చేతే పని చేయిస్తామా? ఆగస్టు పదిహేనుకి పిల్లాడికి గాంధీగారి వేషం వేస్తే అది అవమానమా చెప్పు? గౌరవం. ఇదీ అంతే."

గాంధీగారికి కర్రా కళ్ళజోడూ ఇస్తే చాలు, ఎవరూ ఆయన చర్మం అడగరు అని జిలానీకి తోచింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ తన పేరు రెండోసారి అడిగి రాసుకున్నది గుర్తొచ్చింది. ఈ రోజుల్లో, ఈ పేరు పెట్టుకుని, పెద్దవాళ్ళతో కాదనడం ఎందుకనిపించింది. సరే సార్ అన్నాడు. జిలానీ జీవితంలో ఎక్కువసార్లు పలికిన మాట అదే.

ఆ వారమే బిలాల్ క్రాఫుకి వచ్చాడు. సోమవారం సభలో తన ఊరి చరిత్ర చదవబోతున్నానని, చేతులు వణకకుండా ఉంటే బాగుండునని అన్నాడు. కత్తెర ఆగింది. ఏమిటి చాచా అన్నాడు బిలాల్ అద్దంలోంచి. చెవి కదిపావు, అంతే, అన్నాడు జిలానీ.

శనివారం పొద్దున వేషాలతో రిహార్సలు. బిలాల్ బండేసుకుని హంసలదీవి వెళ్ళిన రోజు చూసి మరీ పెట్టారు, ఆఫ్రికా పిల్లలకి సోమవారం ఆశ్చర్యంగా ఉండాలని. వేషాలకి ఎంచిన కుర్రాళ్ళు, కిరణ్ కుమార్, అతని స్నేహితులు, వరసగా కూర్చున్నారు. జిలానీ డబ్బా మూత తీశాడు. మసి నుదుళ్ళ మీదినించి బుగ్గల మీదికి, బుగ్గల మీదినించి మెడల కిందికి దిగింది. కోట్లు, టైలు, ఒకడి చేతిలో బైబిలు. అన్నీ సరిగానే ఉన్నాయి. కానీ అద్దం ముందు నిలబడగానే ఆ కుర్రాళ్ళు కళ్ళు తిప్పారు. పళ్ళు బయటపెట్టారు. చేతులు గోళ్ళలా చాచి ఒకళ్ళమీదొకళ్ళు గర్జించారు. జైలు నాయకుడి వేషం వేసిన కిరణ్ కూడా నాలిక చాపి ఊగాడు. నలుపు పడగానే ఏం చెయ్యాలో వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ప్రతి దసరాకీ చూసిందే.

అద్దంలో అన్ని నల్లముఖాల మధ్య జిలానీ ముఖం ఒక్కటే మామూలుగా ఉంది, అందువల్ల అదే అందరికంటే భయంగా కనిపించింది. ఒక నూనె సీసా, పాతగుడ్డలు అక్కడ పెట్టి, ముందు నూనెతో తుడుచుకోమని చెప్పి, స్కూటరెక్కి అవనిగడ్డ వెళ్ళిపోయాడు. అక్కడొక స్కూలు వార్షికోత్సవానికి రాజుల దుస్తులు అందించాలి.

ఎండ వాలుతుండగా ఫోను మోగింది. బిలాల్ పేరు వెలిగింది. జిలానీ ఎత్తాడు. చాచా అన్న ఒక్క మాట వినిపించింది. ఆ గొంతు బిలాల్‌దే కానీ అలాంటి బిలాల్‌ని అతను ఎప్పుడూ వినలేదు. వెంటనే ఇంకో గొంతు అందుకుంది. వెనకాల చర్చి మైకు, ఆడవాళ్ళ ఏడుపు. ముఖాలకి నల్లరంగు పూసుకున్న ముఠా బండ్ల మీద వచ్చి పిల్లల్ని తరిమిందట. అప్పటినించీ ఒక పసిపిల్ల కనపడటం లేదట. అందులో ఒకడు తిరిగొస్తూ దొరికాడట. యూనివర్సిటీ అంటాడు, అక్కడ ఎవరూ ఫోనెత్తరు, నిన్నడగమంటున్నాడు.

"ఏమయ్యా, వీడు నీకు తెలుసా, తెలీదా?"

జిలానీ ఫోను కట్ చేశాడు.

ఆలోచించి చేసింది కాదు. వేడిపెనం తగిలిన వేలు వెనక్కొచ్చినట్టు బొటనవేలు దానంతట అదే కదిలింది. తరవాత అతను స్కూలు గోడ నీడలో నిలబడి తన బొటనవేలు వైపు చూశాడు. రాజుల దుస్తుల మూటలు, స్కూటరు, ఎక్కడో పిల్లలు పాట నేర్చుకుంటున్న చప్పుడు, అన్నీ ఇందాకటిలాగే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. ఇంటికి పోతే ఎవరూ అడగరు. అప్పుడతనికి తోచింది, ఆ ఫోను వాళ్ళు అందరికీ వినబడేలా పెట్టారు. అది కట్ అయిన చప్పుడు బిలాల్ కూడా విన్నాడు.

కిరణ్‌కి ఫోను చేశాడు. మొదట నవ్వాడు కుర్రాడు, తరవాత గొంతు మారింది. రీల్ కోసమని రంగుతోనే పాలకాయతిప్ప బీచికి వెళ్ళారట. దారిలో ఒక పల్లె దగ్గర పిల్లలు కనిపిస్తే ఊరికే, సరదాకి, కాస్త బెదిరించారట. "ఇప్పుడు ఇంటికొచ్చేశాం బాబాయ్. కడిగేసుకున్నాం. వీడియో కూడా తీసేశాం. మా పేర్లు చెప్పకు బాబాయ్."

అంటే ఆ నలుపుకి సాక్ష్యం ఇక జిలానీ ఒక్కడే.

తిరిగి బిలాల్ నెంబరుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మేకప్ పెట్టె స్కూటరు ముందు ఉంది. అది తీసుకెళ్తే ముఠాకి రంగు వేసేవాడు వీడేనంటారు. వదిలేసి వెళ్తే తన మాట ఎవరూ నమ్మరు. పెట్టెని ఒకసారి దించాడు. మళ్ళీ ఎక్కించాడు. కోడూరు దారి పట్టాడు.

ఆ దారి పొడుగునా మినుము పీకే రోజులు. చేలల్లో కుప్పలు కుప్పలుగా మినుపకట్టెలు, మనుషులు లేరు. మనుషులంతా ఎక్కడికి పోయారో అతనికి తెలుసు. సాయంకాలపు గాలి ఉప్పగా ముఖానికి కొడుతోంది. ఆ గాలి మీదే మైకులో మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. నల్లరంగు. దొంగలు. పాప రెబెకా. మళ్ళీ నల్లరంగు. తాను నూరిన మసి ఊరి మీద పొగలా పరుచుకుని మాట్లాడుతున్నట్టుంది. దేవుడు గుర్తొచ్చాడు కానీ దువా మాటలు గుర్తు రాలేదు. వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు అని చక్రాలు అంటూనే ఉన్నాయి.

పల్లె మధ్య చర్చి మెట్ల మీద బిలాల్ కూర్చుని ఉన్నాడు. చేతులు వలతాడుతో కట్టారు. ఒక కన్ను ఉబ్బి మూసుకుపోయింది, పెదవి పగిలింది. కాళ్ళకి ఇంకా మడ బురద. అతనికీ జనానికీ మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ అడ్డం పెట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఆ కుర్చీయే ఇప్పటిదాకా బిలాల్ ప్రాణం. ఆయన సంఘపెద్ద ప్రకాశరావు గారని తరవాత తెలిసింది. కింద మట్టిలో కూలబడి ఉన్నది పిల్ల తల్లి ప్రేమ. ఆమె అరవడం లేదు. నా పిల్లేది, నా పిల్లేది అని గుసగుసగా, ఊపిరి తీసినంత మామూలుగా అంటోంది. దాన్ని వింటే జిలానీకి జనం కేకలకంటే ఎక్కువ భయమేసింది.

బిలాల్ ఒంటికన్నుతో అతన్ని చూశాడు.

జిలానీ చెప్పాడు. రెండుసార్లు మొదలుపెట్టాడు. వాళ్ళు కాలేజీ కుర్రాళ్ళు, నాటకానికి వేషాలు, రంగు వేసింది నేను, ఈ అబ్బాయికేమీ తెలియదు, ఇతని రంగు ఇదే. జనంలో ఎవరో నవ్వారు. "సాయిబూ, కథ బాగానే కట్టావు, ఆ పెట్టెలో ఏముందో తియ్యి" అన్నాడొకడు. పెట్టె మూత లేచింది. మసి వాసన బయటికి రాగానే జనంలోంచి ఒక చప్పుడు వచ్చింది, అల వెనక్కి పోయేటప్పటి చప్పుడు. రంగు వేసేవాడు కూడా దొరికాడని ఎవరో అరిచారు. చెంప మీద దెబ్బ పడింది. కళ్ళజోడు ఎక్కడో పడిపోయింది. ముఖాలన్నీ కరిగిపోయి ఒకటే ముఖమైంది.

"ఆగండి" అన్నారు ప్రకాశరావు గారు కుర్చీ పైకెత్తి. "కొట్టడం ఎంతసేపు? నిజం తేల్చుకుందాం. రంగైతే పోతుందిగా. అతన్నే తుడవమందాం. అందరి ముందూ."

ఆ మాట అందరికీ న్యాయంగా వినిపించింది. పెద్దమనిషి మాట కాబట్టి జనం కాస్త వెనక్కి జరిగి చోటిచ్చారు. ఆ చోటులో జిలానీ, బిలాల్ మిగిలారు.

జిలానీ కదలలేదు. తుడిస్తే ఈ కుర్రాడు బతుకుతాడని తెలుసు. తుడవడమంటే ఏమిటో కూడా తెలుసు. ఇన్నేళ్ళుగా అతను తుడిచిన ప్రతి ముఖమూ తుడిచాక మనిషైంది. ఇది తుడవకముందే మనిషి ముఖం. పెట్టెలోంచి ఉతికిన తెల్లగుడ్డ ఒకటి తీసి కొబ్బరినూనె పోశాడు. నూనె సగం నేల మీద పడింది.

"తుడవండి చాచా" అన్నాడు బిలాల్. కళ్ళు మూసుకున్నాడు.

నుదురు. బుగ్గలు. ఉబ్బిన కన్ను చుట్టూ, తగలకుండా. తన చేతికి అంత బాగా తెలిసిన ముఖం చేతి కింద రాయిలా బిగుసుకుపోయింది. గుడ్డకి చెమట అంటింది, బురద అంటింది, పెదవి దగ్గర ఎరుపు అంటింది. నలుపు అంటలేదు. జిలానీ గుడ్డ ఎత్తి చూపించాడు. గట్టిగా రుద్దమన్నారెవరో. రుద్దాడు. మెడ వెనక అన్నారు. చెవి వెనక అన్నారు. చివరికి ఒకతను తనే ముందుకొచ్చి, బొటనవేలు నూనెలో ముంచి బిలాల్ చెంప మీద అటూ ఇటూ రుద్ది, ఆ వేలు వెలుతురుకి పెట్టుకుని చూసుకున్నాడు. బిలాల్ మూసిన కళ్ళ కిందనించి నీళ్ళు వచ్చాయి. నూనె మీద అవి నిలవలేదు.

జిలానీ తన డబ్బాలో నాలుగు వేళ్ళూ ముంచి తన ముఖానికే పూసుకున్నాడు. ఇంకో గుడ్డతో తుడుచుకున్నాడు. గుడ్డ నల్లగా వచ్చింది. రెండు గుడ్డలూ మెట్టు మీద పక్కపక్కన పరిచాడు. మైకు కూడా ఆగిపోయింది. సముద్రం వినిపించింది.

అప్పుడు పడవల వైపునించి కేక వచ్చింది. గట్టున లాగిపెట్టిన పడవలో, వలల కుప్ప కింద పిల్ల దొరికింది. నల్లముఖాలు తరిమినప్పుడు దూరిందట. తరవాత మైకులో దొంగలు దొంగలు అని వినబడుతుంటే ఇంకా లోపలికి ముడుచుకుని, అమ్మ పిలిచినా పలకలేదట.

జనం చెదిరిపోయారు. ఎవరో తాడు విప్పారు. ఎవరో కళ్ళజోడు ఏరి ఇచ్చారు. పిల్లల భయం సార్, ఏమీ అనుకోకండి, టీ తాగి వెళ్ళండి, అన్నాడు ఇందాక వేలితో రుద్దినతను, ఎంతో మర్యాదగా. ప్రకాశరావు గారు మాత్రం ఆ కుర్చీలో కూలబడి తల పట్టుకున్నారు. ప్రేమ పిల్లని చంకనేసుకుని ఏదో చెబుదామని మెట్ల దాకా వచ్చింది. బిలాల్‌ని చూడగానే రెబెకా కెవ్వుమని తల్లి భుజంలో ముఖం దాచుకుంది. ప్రేమ ఆ మాటేదో చెప్పకుండానే వెనక్కి తిరిగిపోయింది.

బిలాల్ తన బండి నడిపే స్థితిలో లేడు. జిలానీ స్కూటరు వెనక సీటు మీద కూర్చున్నాడు. దీవి దాటేచోట, వంతెన మీద, ఆపమన్నాడు. కింద కృష్ణానది సద్దు లేకుండా పోతోంది.

"రంగు మీరు వేశారు."

"నేనే."

"మొన్న నా తల మీ చేతుల్లో ఉంది. అప్పుడు చెప్పలేదు."

"భయమేసింది బేటా."

"ఫోను కూడా కట్ చేశారు."

జిలానీ తలూపాడు.

"నాకూ భయమేస్తుందండీ" అన్నాడు బిలాల్ నీళ్ళ వైపు చూస్తూ. "రోజూ వేస్తుంది. అయినా బస్సెక్కుతాను."

మర్నాడు శ్యామ్ సుందర్ గారు కొట్టు వెతుక్కుంటూ వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. ఆసుపత్రిలో బిలాల్‌ని చూసొచ్చానన్నారు, వేషాలు రద్దు చేశానన్నారు. తెలియక చేశాను జిలానీ, అని కళ్ళు తుడుచుకున్నారు కూడా. తరవాత గొంతు తగ్గించారు. రంగు సంగతి మాత్రం మన మధ్యే ఉండాలి. కుర్రాళ్ళ భవిష్యత్తు, విశ్వవిద్యాలయం పరువు. ఎవరో బయటి ఆకతాయిలు అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. "నీ మంచికే చెబుతున్నా. ఈ రోజుల్లో మీవాళ్ళ పేరు ఒక కేసులోకి వస్తే ఎక్కడిదాకా పోతుందో నీకు తెలియందా." బెదిరింపు కాదది. దయగానే అన్నారు. ఆ దయకే జిలానీకి ఒళ్ళంతా చెమట పట్టింది. సరే సార్ అన్నాడు.

ఆయన వెళ్ళాక సలీమా లోపల్నించి వచ్చింది. ఎప్పుడూ వెక్కిరించే మనిషి ఆ రోజు వెక్కిరించలేదు.

"మీ పిరికితనం నాకెప్పుడూ బరువు కాలేదు. మనింట్లో ఉన్నంతకాలం అది మనదే. ఇప్పుడు వాడి ముఖం మీద పడింది."

సోమవారం ఎవరూ పిలవకుండానే జిలానీ సభకి వెళ్ళాడు. పెట్టె తేలేదు. అలవాటు కొద్దీ తెర పక్కన చీకట్లో నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో తెర దాటి వెలుగులోకి అతను ఎన్నడూ అడుగుపెట్టలేదు. హాలు నిండిపోయింది. కిరణ్ కుమార్ వెనక వరసలో నేల చూపులు చూస్తున్నాడు. శ్యామ్ సుందర్ గారు స్వాగతం చెబుతూ, శనివారం కొందరు ఆకతాయిలు చేసిన పనికి చింతిస్తున్నామని చదివారు.

తరవాత బిలాల్ లేచాడు. కన్ను ఇంకా సగమే తెరుచుకుంటోంది. ఇంగ్లీషులో రాసుకొచ్చిన కాగితం చదివాడు. తన ఊరి రేవులో ఒకప్పుడు మనుషుల్ని అమ్మే సంత ఉండేది. ఖండం లోపలినించి గొలుసులతో నడిపించుకొచ్చి, ఓడలెక్కించి, ఈ సముద్రం మీద ఎక్కడెక్కడికో పంపేవారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. అక్కడ కాగితం మడిచాడు. తెలుగులోకి మారాడు.

"మా ఊరి సంతలో అమ్మే ముందు వాళ్ళ ఒంటికి కొబ్బరినూనె రాసేవారండీ. మెరవాలని. ఆ సంగతి పుస్తకంలో చదివాను. ఆ వాసన ఎలా ఉంటుందో శనివారం తెలిసింది."

బిలాల్ శ్యామ్ సుందర్ గారి వైపు తిరిగాడు.

"ఆకతాయిలు అని సార్ చెప్పారు. ఆ రంగు ఎక్కడిదో నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు."

అని మైకు ముందే నిలబడిపోయాడు, దిగిపోకుండా. తెర వైపు చూడలేదు. కానీ జిలానీ అక్కడున్నాడని తెలిసిన మనిషిలాగే నిలబడ్డాడు. శ్యామ్ సుందర్ గారు కుర్చీలో కదిలారు. ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఆ చిన్న వెలుగు జిలానీ చూశాడు. ఆ వీడియో ఎక్కడిదాకా పోతుందో, సందులోకి ఎవరు వస్తారో, సలీమా ఒక్కతే ఉన్నప్పుడు ఎవరు తలుపు కొడతారో, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. కాళ్ళు వెనక్కి పోదామన్నాయి. అతను తెర అంచు పట్టుకున్నాడు.

వెలుగులోకి అడుగుపెడితే ఎదురుగా ఏమీ కనపడదని అతనికి తెలియదు. హాలంతా నల్లటి గుంట. ఆ గుంటలోంచి ఎంతమంది చూస్తున్నారో తెలియకుండా నడిచాడు. మైకు దగ్గరికి వచ్చి, ఆ రంగు, అన్నాడు. మాట ఎవరికీ వినపడలేదు. మైకు అతని తలకంటే ఎత్తుగా ఉంది.

బిలాల్ అతని ముఖం వైపు చూడకుండా పక్కకి జరిగి, ఒంగి, స్టాండు మర వదులు చేసి, మైకుని మెల్లిగా జిలానీ నోటి దగ్గరికి దించాడు.